అప్‌డేట్: పడకగది కప్పు మూలన చెమ్మ – కారణం దొరికింది

హైదరాబాదు మల్కాజిగిరిలోని మా పాత ఇంటి పడకగది కప్పు మూలన చెమ్మ దిగుతోందని, ఆశ్వయుజ వానల్లోపు డాబాను ఎలా సరిచేయించాలని ఆగస్టులో అడిగాను. 2020 అక్టోబరు 13 నాటి కుండపోతను చూసినవాణ్ని కాబట్టి ఈసారి దసరా దాకా ఆగదలచుకోలేదు. సలహాలిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

స్లాబు పగిలిందన్న అనుమానం, ట్యాంకు పొర్లుతోందన్న అనుమానం రెండూ తప్పని తేలాయి. డాబా మీద నీళ్లు నిలబెట్టి చూడమని ఒకరు చెప్పిన మాటే పనికొచ్చింది. వాననీటి గొట్టం నోటికి గుడ్డ కుక్కి, రెండు అంగుళాల నీళ్లు రెండు రోజులు ఉంచితే, చెమ్మ సరిగ్గా ఆ గొట్టం కిందే దిగింది. మేస్త్రీ చుట్టూ చెక్కి చూస్తే గొట్టానికీ కాంక్రీటుకూ మధ్య చిటికెనవేలు దూరేంత సందు, అందులో కుళ్లిన వేపాకు ఈనెలు, వాటి మధ్య జానెడు రావి మొక్క వేరు! పిట్టగోడ మీది మొక్కను ఏటా పైపైన తుంచేస్తూ వచ్చింది నేనే.

వేరును పూర్తిగా తీసి, ఆరాక కుంచించుకుపోని గ్రౌటుతో (సందుల్లో పోసే సిమెంటు మిశ్రమంతో) సందు నింపి, పైన పాలిమర్ కలిపిన సిమెంటుతో గొట్టంవైపు వాలు పెట్టి, వారంపాటు తడి గోనెసంచులు కప్పి ఉంచారు. తిరిగి నీళ్లు నిలబెడితే చుక్క దిగలేదు. మొన్న రాత్రంతా కురిసిన వానకూ మూల పొడిగానే ఉంది. డాబా అంతటికీ వేయించబోయిన వాటర్‌ప్రూఫ్ పూత ప్రస్తుతానికి మానుకున్నాను. లోపలి గోడ పూర్తిగా ఆరాకే రంగు వేయమని మేస్త్రీ చెప్పాడు.