అప్‌డేట్: సెయింట్ బోనిఫేస్ ఎప్పుడూ లిబరల్ పార్టీదేనా?

కెనడాలోని విన్నిపెగ్‌లో ఫ్రెంచ్ మాట్లాడే అల్పసంఖ్యాకులున్న ఈ పార్లమెంటు స్థానం లిబరల్ కంచుకోటేనా అని అడిగాను. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. చదివాక తేలింది: కోటే, కానీ గాలి బలంగా వీస్తే తలుపులు తెరుచుకుంటాయి. 1958లో కన్సర్వేటివ్ నేత డీఫెన్‌బేకర్ ప్రభంజనంలో, 1984లో అదే పార్టీ నేత మల్రోనీ గాలిలో కన్సర్వేటివ్‌లు గెలిచారు.

నన్ను బాగా ఆకట్టుకున్నది 2008. మెటీ (ఆదివాసీ, యూరోపియన్ మిశ్రమ సంతతి) మూలాలున్న పోలీసు అధికారిణి షెల్లీ గ్లోవర్ కన్సర్వేటివ్‌గా గెలిచి, 2011లో నిలబెట్టుకున్నారు. ఆమెకు ఫ్రెంచ్ వచ్చు. ఫ్రెంచ్ వారి ఓట్లతోనే గెలుపు సాధ్యం కాదు. వారి భాష రాని అభ్యర్థిని నిలబెట్టే సాహసం మాత్రం పెద్ద పార్టీలు చేయవనిపిస్తుంది. 2015లో డాన్ వాండల్ స్థానాన్ని లిబరల్‌లకు తిరిగి తెచ్చారు. 2025లో అదే పార్టీ తరఫున గెలిచిన జినెట్ లవాక్ అక్కడి ఫ్రెంచ్ సాంస్కృతిక కేంద్రానికి సారథ్యం వహించినవారు.