స్టెయిన్డ్ గ్లాస్‌ని ‘పండిన గాజు’ అనొచ్చా?

ప్రశ్న: చర్చి కిటికీల స్టెయిన్డ్ గ్లాస్‌ని తెలుగులో ఏమనాలి? నేను ‘రంగుటద్దాలు’ అని రాస్తే ఎడిటర్‌గారు ‘రంగు గాజులు’ అని దిద్దారు. చదివేవాళ్లు చేతికి వేసుకునేవి అనుకోరూ?

జవాబు: అనుకుంటారండీ. గాజు బహువచనమైతే చేతికెక్కి కూర్చుంటుంది. అద్దం అంటే మొహం చూసుకునేదే ముందు గుర్తొస్తుంది. పోనీ ‘స్టెయిన్’ అంటే మరక కదా అని అటు వెళ్తే ఇంకా దారి తప్పుతాం.

అసలు ఆ ‘స్టెయిన్’ ఏమిటో ఒక కిటికీ దగ్గర మొదలుపెట్టి చూద్దాం. నెదర్లాండ్స్‌లోని గౌడాలో (అవును, చీజ్ ఊరే) సెయింట్ జాన్ చర్చికి డిర్క్ క్రాబెత్ 1557లో చేసిన కిటికీ ఒకటుంది. పైన సొలొమోను ఆలయ ప్రతిష్ఠ, కింద క్రీస్తు కడరాత్రి భోజనం. దాత, స్పెయిన్ రాజు రెండో ఫిలిప్, రాణి మేరీతో సహా, ఆ భోజనం పక్కనే మోకరిల్లి ఉంటాడు. గుడి ఫ్యాను రెక్కల మీద పేర్లు రాయించుకునే మనకి ఇది వింతేం కాదు.

ఆ కాలపు కిటికీల్లో నీలం లాంటి రంగులు గాజు కరిగించేటప్పుడే కలుస్తాయి. మొహాలూ, బట్టల మడతలూ గాజుపొడి కలిపిన ముదురు రంగుతో గీసి, కొలిమిలో కాల్చినవి. పసుపు సంగతి వేరు. వెండి సమ్మేళనాన్ని మట్టిలో కలిపి గాజు వెనకవైపు పూసి కాలుస్తారు. చల్లారాక పూత దులిపేస్తే గాజు లోపల పసుపు మిగులుతుంది, లేత నిమ్మ నుంచి ముదురు నారింజ దాకా. 14వ శతాబ్దం మొదట్లో వచ్చిన పద్ధతి ఇది. నిక్కచ్చిగా చూస్తే ‘స్టెయిన్’ ఇదొక్కటే.

గోరింటాకు కాదూ ఇది! ముద్ద రాలిపోతుంది, రంగు ఉండిపోతుంది. దానికి మనకి మాట ఉంది: పండటం.

మరొకరు: ‘పండిన గాజు’ అంటే నాకు ముగ్గిన జామకాయ గుర్తొస్తోంది. పైగా ఒక్క పసుపు కోసం కిటికీ మొత్తానికి ఆ పేరెందుకు? మెదక్ చర్చిలో క్రీస్తు పుట్టుక, సిలువ, ఆరోహణం ఉన్న మూడు కిటికీలనీ మా ఇంట్లో ‘రంగుల కిటికీలు’ అనే అంటాం. ఎవరికీ అర్థం కాకపోవడం లేదు.

జవాబు: సరే, కిటికీకి మీ మాటే. పసుపు దగ్గర మాత్రం నేను తగ్గను. దాని ఇంగ్లీషు పేరు ‘సిల్వర్ స్టెయిన్’ని ‘వెండి మరక’ అంటే దేవదూత జుట్టుకి మురికి పట్టినట్టుంటుంది. ‘వెండితో పండిన పసుపు’ అనండి.

ప్రశ్న అడిగినవారు: రెండూ వాడి పంపేశాను. ఎడిటర్‌గారు దాన్ని ‘పసుపూ కుంకుమా’ అని దిద్దకపోతే చాలు.