తిరుపతి బైరాగిపట్టెడలో పార్కింగ్ చలానా: కట్టేయాలా, అభ్యంతరం చెప్పాలా?

ప్రశ్న:
మంగళవారం మామగారిని డయాలిసిస్‌కు స్విమ్స్ ఆసుపత్రికి తీసుకెళ్లాము. సాయంత్రం తిరిగి వచ్చేసరికి కాలువ పనికని మా గేటు ముందు అడ్డంగా గుంత తవ్వి ఉంది. డయాలిసిస్ అయిన రోజు ఆయన నాలుగడుగులు కూడా వేయలేరు. కారును వీధి మలుపులోనే ఆపి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నేనూ మా వారూ మోసుకుంటూ ఇంట్లోకి చేర్చాము. ఆ రాత్రి కారు అక్కడే ఉండిపోయింది.

నిన్న ఫోనుకు 500 రూపాయల చలానా వచ్చింది. మా వారు కట్టేసి మరిచిపొమ్మంటున్నారు. పదహారేళ్లుగా కారు నడుపుతున్నాను, ఇదే మొదటి చలానా. కడితే తప్పు ఒప్పుకున్నట్లే కదా అని మనసు ఒప్పడం లేదు. ఇప్పుడు కట్టేసి, తర్వాత అభ్యంతరం చెప్పవచ్చా?

చిత్తూరు న్యాయవాది:
అలా కుదరదమ్మా. మోటారు వాహనాల చట్టం, 1988లోని 200వ సెక్షన్ కింద డబ్బు కట్టి రాజీ చేసుకుంటే ఆ వ్యవహారం అంతటితో ముగిసిపోతుంది. అభ్యంతరం ఉంటే కట్టకముందే చెప్పాలి.

అయితే మీరు ఏమని చెప్పదలిచారు? ‘ఆ కారు నాది కాదు’, ‘అక్కడ ఆపలేదు’ అనడం వేరు. ‘ఆపాను, కానీ కారణం ఉంది’ అనడం వేరు. కారణం ఎంత న్యాయమైనదైనా మలుపులో ఆపడం నిబంధనకు విరుద్ధమే. గుంత ఫోటో, ఆ రోజు ఆసుపత్రి కాగితం చూపితే న్యాయమూర్తి జరిమానా తగ్గించవచ్చు. చలానాలో 177వ సెక్షన్ అని ఉంటే మొదటిసారి గరిష్ఠం 500, ఆ తర్వాత 1,500. అంటే కోర్టుకు వెళ్లినా ఈ సెక్షన్ కింద 500 దాటదు. మీ ఒక రోజు పోతుంది, అంతే.

కోర్లగుంట నుంచి, విశ్రాంత ఉపాధ్యాయుడు:
కట్టే ముందు ఫోటో తెరిచి చూడండి. నేను నా చలానా ఫోటో చూస్తే అందులో ఎవరిదో స్కూటరు! నాది ఏపీ 03 కారు. నంబరులో ఒక్క అక్షరం తేడా. ఆర్సీ నకలు జోడించి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేస్తే రద్దు చేశారు.

మరో పాఠకురాలు:
మీ బాధ అర్థమవుతోంది. కానీ మా నాన్నగారికి గుండెనొప్పి వచ్చిన రాత్రి మా వీధి మలుపులో ఎవరిదో కారు ఉండి అంబులెన్సు తిరగలేకపోయింది. స్ట్రెచర్ మీద వీధి చివరిదాకా మోశాము. ఆ కారు ఆపినవారికీ ఏదో కారణం ఉండే ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు:
ఫోటో చూశాను. కారు మాదే. వెనుక భాగం మలుపును సగానికి పైగా మూసేసింది, మూల ఇంటివారి గేటుకు కూడా అడ్డంగా ఉంది. ఆ రాత్రి చీకటిలో, కంగారులో గమనించలేదు. వాళ్లు ఒక్క మాట కూడా అనలేదు.

500 కట్టేశాను. మూల ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాను. గేటు ముందు ఇనుప పలక వేయమని పనులు చూసే ఇంజినీరుకు అర్జీ కూడా ఇచ్చాను. రేపు శుక్రవారం, మళ్లీ డయాలిసిస్. పలక వేయకపోతే కారు పెద్ద రోడ్డు పక్కన ఖాళీ స్థలంలో ఆపుతాము. చక్రాల కుర్చీ ఈ సాయంత్రమే అద్దెకు తెచ్చుకున్నాము.