12 సిమ్‌ల బిల్లు తగ్గేదెట్ల?

ప్రశ్న: మహబూబ్‌నగర్‌ల మందుల డిస్ట్రిబ్యూషన్. సేల్స్‌వాళ్లకు 12 పోస్ట్‌పెయిడ్ సిమ్‌లు, సగం ఓనర్ పేరు మీద, సగం ఫర్మ్ పేరు మీద. బిల్లు పెరుగుతనే ఉంది. అచ్చంపేట దిక్కు సిగ్నల్ అందుతలేదు. అన్నీ ఒకే కంపెనీకి మార్చాల్నా?

జవాబు: ముందుగాల మూడు నెలల బిల్లులు నంబర్లవారీగా చూడు అన్నా. పని మానేసినోళ్ల సిమ్‌కు కూడా అద్దె పడుతనే ఉంటది, అది బంద్ చేయించు. బిల్లు మీద 18 శాతం జీఎస్టీ ఉంటది. బిల్లు మీద ఫర్మ్ జీఎస్టీ నంబర్ లేకుంటే ఇన్‌పుట్ క్రెడిట్ (కట్టిన జీఎస్టీని మనం కట్టాల్సిన జీఎస్టీల తగ్గించుకునుడు) రాదు, ఓనర్ పేరు మీదున్నవాటికి గదే నష్టం.

జవాబు: అయితే వాటిని ముందు ఫర్మ్ పేరుకు మార్పించుండ్రి. పేరు మార్పు నడుస్తుండంగ పోర్ట్ (నంబర్ అదే ఉంచి కంపెనీ మారుడు) పెడితే తిరస్కరిస్తరు. బాకీ ఉన్నా అంతే. 1900కు పోర్ట్ మెసేజ్ పెడితే వచ్చే కోడ్ మన దగ్గర 4 రోజులే చెల్లుతది, కాబట్టి ఫర్మ్ ఇచ్చే ఆథరైజేషన్ లెటర్ (అనుమతి పత్రం) ముందే తయారుంచుకోండ్రి. అదే నంబర్‌కు సిమ్ కొత్తగ మార్చినా, పోర్ట్ పెట్టెటందుకు 7 రోజులు ఆగాలె.

జవాబు: అన్నీ ఒక్కదానికే వద్దు. నల్లమల రూట్‌ల కొత్త కంపెనీ ప్రీపెయిడ్ సిమ్ ఒకటి వారం తిప్పి చూడు. బ్యాంకు ఓటీపీ వచ్చే నంబర్ ఆఖరికి మార్చు.