1966 మస్టాంగ్: పాత డ్రమ్ములు వెతకాలా, డిస్కు బ్రేకులు బిగించాలా?

ఎడిసన్ వాసి
ఈమధ్యే 1966 ఫోర్డ్ మస్టాంగ్ కూపే (రెండు తలుపుల కారు) కొన్నాను. 289 ఘనపు అంగుళాల వి8 ఇంజను, నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే (చక్రంతో తిరిగే డ్రమ్మును లోపలి నుంచి షూలు ఒత్తి ఆపేవి), కాలి బలాన్ని పెంచే బూస్టర్ లేదు. బ్రేకు తొక్కితే బండి ఎడమకు లాగేస్తోంది. ముందు కుడి చక్రం విప్పితే షూలను నెట్టే వీల్ సిలిండర్ కారి, షూలు బ్రేక్ ఆయిలులో నానిపోయి ఉన్నాయి. డ్రమ్ము నిండా గీతలు. పాత ఫోర్డ్ డ్రమ్ములు వెతుక్కోవాలా, లేక ముందు చక్రాలకు డిస్కు బ్రేకుల (తిరిగే పళ్లేన్ని రెండు వైపులా పట్టి ఆపేవి) కిట్టు కొనేయాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

పాతఇనుము
ముందు చాసిస్ నంబరు చూడండి. రెండో స్థానంలో టి అక్షరం ఉంటే ఆ బండి న్యూజెర్సీలోని మీ ఎడిసన్ ఫోర్డ్ ప్లాంటులోనే పుట్టింది. ఆ ప్లాంటు 2004లో మూతపడింది. అలాంటి బండి దొరికితే విప్పి పారేసే ఆలోచన ఎందుకు?

డ్రమ్మును కొలిపించండి. 10 అంగుళాల డ్రమ్మును లోపల చెక్కించినా 10.060 అంగుళాల వరకు వాడుకోవచ్చు, అది దాటితేనే పనికిరాదు. వీల్ సిలిండర్‌కు లోపల స్టీలు తొడుగు వేసి కొత్తదానిలా చేసి ఇచ్చేవాళ్లున్నారు. డ్రమ్ము పోయిందంటే జూన్‌లో పెన్సిల్వేనియాలోని కార్లైల్‌లో జరిగే ఫోర్డ్ మేళాకు వెళ్లండి. ఫోర్డ్ పెట్టె కూడా విప్పని పాత సరుకు అక్కడ దొరుకుతుంది. కాస్త ఓపిక కావాలి, అంతే.

మిషిగన్ బాబాయి
ఓపిక సరే, బ్రేకు ఆగాలి కదా! 1966 వరకు మస్టాంగ్‌కు మాస్టర్ సిలిండర్‌లో (పెడల్ తొక్కితే చక్రాలకు బ్రేక్ ఆయిలును నెట్టేది) ఒకటే గది. ఎక్కడ కారినా నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. 1967 మోడల్ నుంచి రెండు గదులు పెట్టారు, ఊరికే పెట్టారా? నా పాత బండికి హైవే దిగే వంపులో పెడల్ నేలకు అంటుకుపోయింది. హ్యాండ్ బ్రేకు లాగి, గడ్డిలోకి దించి బయటపడ్డాను. అంతకు కొద్ది రోజుల ముందే ఒక షాపువాడు "అంతా ఒరిజినల్, ఢోకా లేదు" అని డబ్బు తీసుకున్నాడు. డిస్కులు వేయించండి, వాదన వద్దు.

టెక్సస్ తెనాలి
289 కూపే మజిల్ కారు (పెద్ద ఇంజనుతో వేగానికే చేసినది) కాదండీ, 'పోనీ కారు' అనే చిన్న స్పోర్ట్స్ రకం. ఈ మజిల్ కార్ల విభాగంలో ఎందుకు పెట్టారు?

పాతఇనుము
బాబాయి గారూ, మీ బండిలో చెడింది మాస్టర్ సిలిండర్ ఏర్పాటు. శిక్ష డ్రమ్ములకు వేస్తున్నారు. ఒకే గది ఉన్న సిలిండర్‌కు డిస్కులు తగిలించినా గొట్టం పగిలితే అదే గతి.

పైగా డ్రమ్ములో ముందు షూ తిరుగుడుకు తనంతట తానే బిగుసుకుంటుంది, వెనక షూను కూడా నెడుతుంది. అందుకే బూస్టర్ లేకున్నా కాలికి తేలిక. డిస్కుకు ఆ గుణం లేదు. బూస్టర్ లేకుండా డిస్కులు వేసి, పెడల్ రాయిలా ఉందని ఇక్కడికే వచ్చి ఏడ్చినవాళ్లున్నారు. నేను కొన్న ఒక కిట్టుకైతే నా 14 అంగుళాల చక్రాలు ఎక్కనే లేదు, డిస్కును పట్టే కాలిపర్‌కు తగిలాయి. అమ్మినవాడు చక్రాలు కూడా కొనమన్నాడు!

మిషిగన్ బాబాయి
వానలో డ్రమ్ము తడిస్తే ఏమవుతుందో చెప్పలేదేం? కొండ దిగుతూ నాలుగుసార్లు తొక్కితే వేడెక్కి పట్టు వదిలేస్తుంది. చక్రాలు కొనడానికి బాధపడేవాళ్లు పాత బండి జోలికి రాకూడదు.

పాతఇనుము
వానలో ఆ బండిని బయటికి తీసేవాడెవడు?

శ్రావణమేఘం
ఇద్దరూ ఆగండి. ఒకరు సిలిండర్ గురించి, ఒకరు డ్రమ్ము గురించి మాట్లాడుతున్నారు. ఎడిసన్ వాసి గారూ, పాత షూల దుమ్మును గాలి కొట్టి ఊదకండి, ఆ కాలం లైనింగ్‌లలో (షూ మీద రాసుకునే పొర) ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ ఉంటుంది.

ఎడిసన్ వాసి
చాసిస్ నంబరులో టి ఉంది! ఇంకో మాట ముందే చెప్పాల్సింది. వచ్చే ఏడాది మా అమ్మాయికి లైసెన్సు వస్తుంది. ఈ బండే నడుపుతానంటోంది. వాన వచ్చినా, రాకున్నా.

మిషిగన్ బాబాయి
ఇంకేం, తేలిపోయింది. పాతఇనుము గారు ఇప్పుడు ఆ పిల్లను కార్లైల్ సంతకు పంపుతారేమో. పాత బండ్ల పోటీల్లో జడ్జీలు వేసే మార్కుల కోసం మనుషుల ప్రాణాలతో ఆడుకోవడం మీకు అలవాటే.

పాతఇనుము
నేను జన్మలో ఏ పోటీకీ బండి పెట్టలేదు. నా బాధ ఏమిటో చెబుతాను, వినండి. మీరు కిట్టు బిగించిన రోజున పాత డ్రమ్ములు, చక్రాలు తిరిగే స్పిండిళ్లు పాత ఇనుము కొట్టుకు పోతాయి. అందరూ అలాగే చేస్తే డ్రమ్ములు అడిగేవాళ్లు తగ్గుతారు, వాటిని తయారుచేసేవాళ్లూ మానేస్తారు. ఇప్పుడు దొరికే కొత్త డ్రమ్ముల్లో కొన్నింటిని పెట్టెలోంచి తీసి కొలిస్తేనే గుండ్రం సరిగా ఉండడం లేదు. మన తర్వాత ఈ బండిని కొనేవాడు ఏం పెట్టుకోవాలి?

మిషిగన్ బాబాయి
అదీ సంగతి! మీకు రేపు కొనేవాడి మీద ఉన్న జాలి ఇవాళ కూర్చునేవాడి మీద లేదు. నాకు బండి కన్నా లోపల ఉన్నవాళ్లే ముఖ్యం. ఇందులో మనిద్దరికీ ఎప్పటికీ కుదరదు.

పాతఇనుము
కుదరక్కరలేదు. పాత భాగాలను అటకెక్కించండి, అమ్మకండి. అంతవరకు ఒప్పుకుంటారా?

మిషిగన్ బాబాయి
మా గ్యారేజీలో అటక లేదు.

ఎడిసన్ వాసి
1967 మస్టాంగ్ డ్రమ్ము బ్రేకుల బండికి వచ్చే రెండు గదుల మాస్టర్ సిలిండర్ ఆర్డర్ చేశాను. వెనక చక్రాలకు వేరే గొట్టం వేయిస్తున్నాను. గీతలు పడ్డ డ్రమ్ము 10.070 చూపించింది కాబట్టి అది పోయినట్టే. డిస్కుల సంగతి అమ్మాయి నడపడం మొదలుపెట్టేలోగా తేలుస్తాను. ఈలోగా ఒక సందేహం: రెండువైపులా విప్పి షూలు, వాటి బిగువును సరిచేసే పళ్ల చక్రాలు ఒకే డబ్బాలో వేశాను. ఏది ఎటో ఎలా తెలుస్తుంది?

పాతఇనుము
అయ్యో! పళ్ల చక్రం మరలు ఎడమకు ఒక దిక్కు, కుడికి ఎదురు దిక్కు తిరుగుతాయి. తారుమారైతే రివర్సులో బ్రేకు వేసిన ప్రతిసారీ బిగుసుకోవాల్సింది వదులవుతుంది. వాటి మీద ఎల్, ఆర్ గుర్తులున్నాయేమో గుడ్డతో తుడిచి చూడండి. పొట్టి లైనింగ్ ఉన్న షూ బండి ముందువైపుకు, పొడుగుది వెనకకు.

మిషిగన్ బాబాయి
డిస్కుకు ఈ తంటా లేదు.