52ని 40, 12గా విడగొట్టడం రెండో తరగతికి ఎట్ల చెప్పాలె?

సార్లు, మేడంలు, హన్మకొండ దగ్గరి ఊరిబడి పిల్లల కోసం అడుగుతున్న. పది చీపురుపుల్లలకు ఒక రబ్బరు బ్యాండు వేసి కట్టలు చేయించినం. 52 అంటే అయిదు కట్టలు, రెండు విడిపుల్లలు. 50 + 2 అని తడుముకోకుండ రాస్తున్నరు. చిక్కంత ఆ తర్వాతనే. 52లోంచి 27 తీయాలంటే ఒక కట్ట విప్పాలె. నాలుగు కట్టలు, పన్నెండు విడిపుల్లలు అయితయి. ఇప్పుడు మొత్తం ఎన్ని అంటే కొందరు మళ్లీ ఒకటి నుంచి లెక్కవెడుతున్నరు, కొందరు పలక మీద 412 రాస్తున్నరు. కట్ట విప్పంగనే సంఖ్యే మారిందనుకుంటున్నరు. పదులు, ఒకట్ల గడులు గీసిస్తే ఈ తప్పు ఇంకా పెరిగింది, రెండు గడులు కలిపి చదువుతున్నరు కాబట్టి.

47ని 407 అని రాసేటోళ్లకు అట్టకార్డులు బాగ పనిచేసినయి: 40 కార్డులో సున్నా మీద 7 కార్డు కప్పితే 47 కనవడుతది. కాని 12 కార్డు పెడితే 40 మొత్తం మూసుకపోతది, ఇక్కడ అవి పనికిరావు. పుల్లల బదులు పైసలు వాడుదమంటే, పది రూపాయల బిళ్లను విప్పలేం, రూపాయి బిళ్లలకు మార్చాలె. అది ఇంకో మెట్టు, అందుకే ఇప్పుడే వద్దనుకుంటున్న.

తీసివేత పక్కనపెట్టి, ముందు 50 + 2, 40 + 12, 30 + 22 అని ఒక్క సంఖ్యనే తీరుతీరుగ విడగొట్టిస్తే కుదురుతదా? ఎన్ని రోజులు చేయించాలె? పుల్లలు ఎప్పుడు ఆపాలె? చేయించి చూసినోళ్లు జెర చెప్పండి.