పాత పత్రికల్లో ‘తంతి’ అనే మాట

ప్రశ్న: ఆంధ్రపత్రిక 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా వెలువడసాగిన కాలపు వార్తలు చదివేటప్పుడు ‘తంతి’ అనే మాట తరచుగా ఎదురవుతోంది. వీణకు బిగించే తీగ పేరు వార్తల్లోకి ఎలా వచ్చిందో పెద్దలు దయచేసి వివరించగలరు.

జవాబు: టెలిగ్రాఫు కబురు లోహపు తీగ మీదుగా నడిచేది కనుక, తీగ పేరే కబురుకూ స్థిరపడిందండీ. ‘తంతివార్తలు’ అంటే అలా దూరం నుంచి అందినవి. ‘తంతి తపాలా శాఖ’ అప్పటి ప్రభుత్వ విభాగం. వాక్యంలో ‘ఇచ్చిరి’, ‘అందినది’ వంటి క్రియ ఉంటే అది కబురే; ‘మీటిరి’ అని ఉంటే వీణ తీగ.

మరో జవాబు: సంస్కృత ‘తంత్రి’కి ఇది తద్భవం. తమిళంలోనూ అదే మాట ఉంది. 1942లో మదురైలో పుట్టిన తమిళ దినపత్రిక ‘దినతంతి’ పేరు చూడండి.

ఇంకొక జవాబు: ‘తంతి వచ్చింది’ అని గుమ్మంలో వినగానే, కాగితం విప్పకముందే మా అమ్మమ్మ కళ్లు చెమర్చేవి. 2013 జూలైలో ఆ సేవ ఆగిపోయింది.